పేపరు నుంచి పాడ్‌కాస్ట్ దాకా – ఒక సైన్సు విలేఖరి అనుభవాలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వాన పత్రికలో నన్ను ముఖ్య అతిథి అని వేశారు. నిజానికి నేను మీ ఇంటి పిల్లవాణ్ణే. మా నాన్నగారు సిగ్నల్స్‌లో రేడియో ఆపరేటరు. శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెటూరి నుంచి సైన్యంలో చేరి, దేశంలో సగం తిరిగి, ఆఖరి పోస్టింగు ఇక్కడి ఫోర్ట్ విలియంలో చేశారు. ఇప్పుడు దాన్ని విజయ్ దుర్గ్ అంటున్నాం. హవల్దారుగా రిటైరయ్యాక ఊరికి పోదామంటే పిల్లల చదువులు అడ్డం వచ్చాయి. అలా కలకత్తాలోనే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బళ్ళో ఇంగ్లీషు, కంటోన్మెంటులో హిందీ. ఈ నాలుగు భాషల మధ్య పెరగడం తర్వాత నా బతుకుతెరువుకి పనికొస్తుందని అప్పుడు తెలియదు.

నా వృత్తి గురించి చెప్పమన్నారు. సైన్సు సంగతులు రాసే విలేఖరిని. ఇప్పుడు పాడ్‌కాస్ట్ అంటున్నారే, దాన్లో మాట్లాడతాను కూడా. సైన్సు చదివినవాళ్ళు నన్ను పేపరువాడంటారు, పేపరువాళ్ళు సైన్సువాడంటారు. రెంటికీ చెడ్డ రేవడి అని మా అమ్మ చాలాకాలం బెంగ పెట్టుకుంది.

ముందుగా మా నాన్న చెప్పిన ఒక మాట మీకు చెప్పాలి. సిగ్నల్స్‌లో పనిచేసినవాళ్ళు ఇక్కడ ఉంటే ఒప్పుకుంటారు. వైర్‌లెస్‌లో మాట సరిగ్గా వినపడకపోతే ఊహించి రాసుకోకూడదు. 'సే ఎగైన్' అనాలి. అంటే మళ్ళీ చెప్పండి అని. విన్నది తిరిగి చదివి వినిపించాలి. అవతలివాడు సరే అన్నాకే అది మెసేజి, అంతదాకా అది ఉత్త చప్పుడే అనేవారు నాన్న. ఇంట్లో అమ్మ మిరపకాయలు తెమ్మన్నా ఈ పద్ధతే. మేం నవ్వుకునేవాళ్ళం. నవ్విన నాపచేనే పండుతుందని సామెత. నాకు ఆ పంట చాలా ఆలస్యంగా పండింది. ఎందుకో చెబుతాను.

చిన్నప్పుడు నాన్న నన్ను గురుసదయ్ రోడ్డులో ఉన్న బిర్లా ఇండస్ట్రియల్ అండ్ టెక్నలాజికల్ మ్యూజియంకి తీసుకెళ్ళేవారు. 1959లో తెరిచిన మ్యూజియం అది. అక్కడ నేల కింద బొగ్గుగని నమూనా ఒకటి ఉంది. దాన్ని చూసి బయటికొచ్చి, ఇంటికొచ్చాక వీధి పిల్లలందరినీ కూర్చోబెట్టి గనిలో బొగ్గు ఎలా తీస్తారో చెప్పేవాణ్ణి. నా మొదటి రిపోర్టింగు అదే అనుకోండి. తర్వాత ఫిజిక్సు చదివాను. లెక్చరరు అవుతాననుకున్నారు అందరూ. 1998లో ఇక్కడి ఒక ఇంగ్లీషు దినపత్రికలో చేరాను. "పేపర్లో నీకేం పనిరా? క్రికెట్ రాస్తావా?" అంది అమ్మ.

ఈ పనికి కలకత్తా కంటే మంచి ఊరు దొరకదు. ఇక్కడ సైన్సు ప్రయోగశాలలో పుట్టి అక్కడే ఉండిపోలేదు, బజార్లోకి వచ్చింది. సి.వి. రామన్ సంగతే చూడండి. ఆయన బాల్యమంతా మన విశాఖపట్నంలో గడిచింది. వాళ్ళ నాన్నగారు అక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకులు. రామన్ 1907లో ఆర్థిక శాఖ ఉద్యోగిగా కలకత్తా వచ్చి, ఆఫీసు లేని వేళల్లో బౌబజారులోని సైన్సు సంస్థలో ప్రయోగాలు చేశారు. మహేంద్రలాల్ సర్కార్ అనే డాక్టరు 1876లో పెట్టిన సంస్థ అది. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం రూఢి అయింది. మర్నాడు 29న పత్రికలవాళ్ళకు తెలియజేశారు. ఆ ఏడు లీపు సంవత్సరం. శాస్త్ర పత్రికలో అచ్చయ్యేదాకా ఆగకుండా కలకత్తా జనానికి ముందు చెప్పారన్నమాట. ఆ ఫిబ్రవరి 28నే మనం జాతీయ సైన్సు దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఆ 1928లోనే ఒక తెలుగు కుర్రవాడు రామన్ దగ్గర పరిశోధన చేయడానికి కలకత్తా వచ్చాడు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి కాంతి కణానికి 'స్పిన్' అనే గుణం ఉందని ప్రయోగంతో చూపించారు. ఆ భగవంతం గారే 1961 నుంచి 1969 దాకా రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. 1962, 1965 యుద్ధాలు రెండూ ఆయన హయాంలోనే వచ్చాయి. మీ సంఘం తరఫున ఆయన్ని ఒకసారి తలుచుకోవడం న్యాయమని నాకనిపిస్తుంది.

ఇంకోటి. సైన్సుని సొంత భాషలో చెప్పాలనే పట్టుదల ఈ ఊరికి ఎక్కువ. సత్యేంద్రనాథ్ బోస్ 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తు పెట్టి 'జ్ఞాన్ ఓ విజ్ఞాన్' అనే బెంగాలీ మాసపత్రిక మొదలుపెట్టారు. ఐన్‌స్టీన్‌తో పేరు కలిసిన మనిషి, ఊళ్ళో బడిపిల్లలకు అర్థమయ్యేట్టు రాయాలని తాపత్రయపడ్డారు. మనకు మాత్రం లేరా? 1906లోనే కొమర్రాజు లక్ష్మణరావు గారు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగులో శాస్త్ర గ్రంథాలు వేయించారు. తర్వాత మహీధర నళినీమోహన్ గారు, భాభా అణుకేంద్రంలో పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారు తేట తెలుగులో సైన్సు రాశారు. అలాంటివాళ్ళు ముందు నడిచిన దారి ఇది.

ఇక పని సంగతి. సైన్సు విలేఖరి అంటే అర్థంకాని మాటలు రాసేవాడనుకుంటారు. మామూలు రోజున నేను చేసేది ఇదీ. పొద్దున్న ప్రెస్ నోట్లు వస్తాయి. ఫలానా సంస్థ ఫలానాది కనిపెట్టిందని. నోటు నమ్మకుండా అసలు పరిశోధన పత్రం తెప్పించుకోవాలి. చేసినవాళ్ళతో మాట్లాడాలి. ఆ తర్వాత, ఇది ముఖ్యం, ఆ పరిశోధనతో సంబంధం లేని ఇంకో శాస్త్రజ్ఞుడికి చూపించి "ఏమంటారు?" అని అడగాలి. పెళ్ళి సంబంధానికి పిల్లవాడి గురించి వాళ్ళ ఇంట్లోనే అడిగితే సరిపోతుందా? పక్కింట్లో కూడా అడగాలి గదా.

అంకెలు వస్తే మరీ జాగ్రత్త. "ఫలానా తిండితో కాన్సరు ముప్పు 50 శాతం పెరుగుతుంది" అని వస్తుంది. గుండె గుభేలుమంటుంది. లోపల చూస్తే వెయ్యిమందిలో ఇద్దరికి వచ్చేది ముగ్గురికి వస్తుందని ఉంటుంది. రెండు మూడైతే 50 శాతం పెరిగినట్టే, లెక్కలో తప్పులేదు. కానీ మొదటి మాట వింటే భయపడతాం, రెండోది వింటే ఆలోచిస్తాం. ఏది రాయాలన్నది విలేఖరి చేతిలో ఉంది.

ఇంత తెలిసినవాణ్ణి నేను చేసిన పని ఒకటి చెబుతాను. ఇది వేదికల మీద ఎప్పుడూ చెప్పలేదు. మీరు నావాళ్ళు కాబట్టి చెబుతున్నాను.

2003లో ఒక ప్రయోగశాల నుంచి వార్త వచ్చింది. పొలం గట్ల మీద దొరికే ఒక మొక్క రసం ఇస్తే షుగరు తగ్గిందని. తగ్గింది ఎలుకలకి. మొత్తం ఇరవై నాలుగు ఎలుకలు. నేను పత్రం చదివాను, ఇద్దరితో మాట్లాడాను, రాశాను. చదవడానికి బాగుండాలని మొక్క గురించి, దాని పాత నాటువైద్యం గురించి ముందు రాశాను. ఎలుకల సంగతి ఏడో పేరాలో వచ్చింది. మధుమేహానికి మొక్కతో మందు అనే అర్థంలో శీర్షిక పడింది. నా పేరుతో వచ్చింది. సంతోషించాను.

నాన్నగారి స్నేహితుడు ఒక రిటైర్డు సుబేదారు ఉండేవారు. మా జిల్లావారే. మేం సుబేదారు మావయ్య అనేవాళ్ళం, ఆయన నన్ను అల్లుడూ అని పిలిచేవారు. ఆయనకు పదేళ్ళుగా షుగరు. నా వార్త కత్తిరించి పర్సులో పెట్టుకుని, "మా అల్లుడు రాశాడు" అని పార్కులో అందరికీ చూపించారట. ఊరి నుంచి వచ్చే ఎవరితోనో ఆ మొక్క తెప్పించుకుని కషాయం కాచుకుని తాగారు. బిళ్ళలు మానేశారు. నాకు ఎవరూ చెప్పలేదు.

నెల తిరక్కుండా నాన్న ఫోను చేశారు. "సాబ్‌ని ఆసుపత్రిలో చేర్చారు, రా" అని. షుగరు అయిదువందలు దాటింది. కాలికి ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బ చీము పట్టింది. రెండు వేళ్ళు తీసేశారు. నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఆయనే సముదాయించారు. "నువ్వు సరిగ్గానే రాసుంటావు అల్లుడూ. నేనే సరిగ్గా చదవలేదేమో" అన్నారు.

ఆ మాట కంటే తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చేదాకా నాన్న ఏం మాట్లాడలేదు. గుమ్మం దగ్గర ఆగి ఒక్కటే అడిగారు. "ఎలుకలని ముందు ఎందుకు చెప్పలేదు?"

ఆ రాత్రి ఆ వార్త ఎన్నిసార్లు చదివానో. అందులో అబద్ధం ఒక్క వాక్యం లేదు. సవరణ వేయడానికి తప్పంటూ ఏమీ లేదు. శీర్షిక పెట్టింది నేను కాదని చెప్పుకోవచ్చు. కానీ ఏడో పేరాలో దాచింది నేనే. చదివేవాడు ఏడో పేరాదాకా వస్తాడా? మెసేజి పంపానే గాని అవతలివాడు ఏం విన్నాడో తిరిగి అడగలేదు. మా నాన్న ముప్పై ఏళ్ళు చేసిన పని నేను ఒక్కరోజు చేయలేదు.

తర్వాత ఇంకొక అనుభవం. మన నల్గొండ ఫ్లోరైడు బాధ మీకందరికీ తెలుసు. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు వంగిపోవడం. బెంగాల్‌కి అలాంటి శాపమే ఇంకోటి ఉంది, ఆర్సెనిక్. తెలుగులో పాషాణం అంటాం. చెరువు నీళ్ళ వల్ల వచ్చే రోగాలు తప్పించుకోవడానికి వేసుకున్న గొట్టపుబావుల్లోనే ఇది ఉంది. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఏళ్ళ తరబడి తాగాక అరచేతుల్లో, అరికాళ్ళలో గరుకు మచ్చలు వస్తాయి. కొందరికి కాన్సరుగా మారుతుంది. ఇక్కడి స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధుల డాక్టరు కె.సి. సాహా గారు 1980ల మొదట్లో ఈ రోగుల్ని గుర్తించారు. తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి గారు 1988 నుంచి ఊరూరా తిరిగి నీళ్ళు పరీక్షించి, ఎవరు విన్నా వినకపోయినా 2018లో పోయేదాకా చెబుతూనే ఉన్నారు.

నేను ఉత్తర 24 పరగణాల్లో ఒక ఊరికి వెళ్ళాను. ఈ అంకె ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచించుకుంటూ పోయాను. తాగే నీటిలో ఆర్సెనిక్ లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అది ఎవరికి అర్థమవుతుంది? మేడ మీద వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు ఊహించుకోండి. అందులో అర బియ్యపు గింజంత బరువు. అంతకు మించితే మంచిది కాదు. ఈ పోలిక దొరికిందని నాకు చాలా సంబరం. ఆ ఊళ్ళో ఒక ముసలావిడకి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "సరే బాబా, మా ఇంటి ముందున్న బావి నీళ్ళు తాగొచ్చా కూడదా? అది చెప్పు" అంది.

నా దగ్గర జిల్లా పటం ఉంది, బ్లాకుల వారీ లెక్కలున్నాయి. ఆవిడ బావి సంగతి లేదు. ఆర్సెనిక్ విషయంలో పక్కపక్కనే ఉన్న రెండు బావుల్లో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది కావచ్చు. ఆ బావి నీళ్ళు ఎక్కడ పరీక్ష చేయిస్తారో కనుక్కుని ఆవిడకు చెప్పి వచ్చాను. వార్త రాసినప్పుడు ఆ సంగతే మొదటి పేరాలో పెట్టాను. కానీ రాసింది ఇంగ్లీషులో. ఆవిడ చదవదు గదా!

అప్పట్నుంచి మాట మీద, గొంతు మీద నా ధ్యాస పోయింది. దీనికి కలకత్తాలోనే జరిగిన ఒక పాత కథ నాకు దారి చూపింది. ఈస్టర్న్ కమాండ్‌లో పనిచేసిన మీకు 1971 గురించి నేను చెప్పనక్కర్లేదు. కానీ ఆ యుద్ధంలో తుపాకీ లేని పోరాటం ఇంకొకటి జరిగింది. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలకొద్దీ కాందిశీకులు జెస్సోర్ రోడ్డు మీదుగా వచ్చిపడ్డారు. సరిహద్దులోని బన్‌గావ్‌లో కలరా చెలరేగింది. సెలైను సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబీస్ అనే కలకత్తా డాక్టరు ఒక నిర్ణయం తీసుకున్నారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. పొట్లాలు కట్టించి, నీళ్ళలో కలిపి డ్రమ్ముల్లో పోసి, రోగుల తాలూకు అమ్మలకు, అన్నలకు గ్లాసులిచ్చి పట్టించమన్నారు. నర్సులు లేరు, సూదులు లేవు. గ్లూకోజు తోడుంటే పేగు ఉప్పుని, నీటిని లోపలికి తీసుకుంటుందని అప్పటికే పరిశోధనల్లో తేలింది. కానీ ఇలాంటి శిబిరంలో వేలమందికి ఇచ్చి చూడ్డానికి పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. ఆ శిబిరంలో నూటికి 30 మంది దాకా పోతున్నచోట నలుగురి లోపుకి తగ్గింది. ఇవాళ మనం మందుల షాపులో కొనే ఓ.ఆర్.ఎస్. పొట్లం వెనక ఉన్న కథ ఇది.

నన్ను కదిలించిన సంగతి ఇంకొకటి. ఉప్పూ గ్లూకోజూ ఎలా కలపాలో కరపత్రాలు వేసి సరిహద్దు పొడుగునా పంచారు. అంతటితో ఆగలేదు. బంగ్లాదేశ్ విముక్తి పోరాటపు రహస్య రేడియోలో బెంగాలీలో చెప్పించారు. ఆలోచించండి. చీకట్లో, బురదలో, చదువురాని తల్లి ఒకతె ఆ మాట విని ఉంటుంది. ఎంత ఉప్పు, ఎంత నీళ్ళు అన్నది పొల్లుపోకుండా చెప్పాలి. ఎక్కువ ఉప్పు వేస్తే బిడ్డకి ప్రమాదం. సైన్సు వార్త అంటే నాకు అప్పట్నుంచి అదే. మహలనబీస్ గారు 2022 అక్టోబరులో పోయారు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు. బతికుండగా ఇచ్చి ఉంటే అని ఈ ఊరంతా అనుకుంది.

ఇక పాడ్‌కాస్ట్. ఇది బ్రహ్మవిద్యేమీ కాదు. 2004 ఫిబ్రవరిలో ఇంగ్లండులో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ అనే విలేఖరి ఈ మాట మొదట వాడాడు. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ రెండూ కలిపి. మన గొంతు రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెడతాం. పత్రికకు చందా కట్టినట్టు వినేవాళ్ళు దానికి చేరతారు. కొత్త భాగం రాగానే వాళ్ళ ఫోనులోకి వచ్చేస్తుంది. రేడియోలాగా ఆ టైముకే వినాలని లేదు. మనకి తీరికైనప్పుడు వినొచ్చు. అరగంట మాట 15 ఎంబీ లోపే సరిపోతుంది. సిగ్నల్ దొరికినచోట దించుకుని, దొరకనిచోట వినొచ్చు. పోస్టుల మీద ఉండే జవాన్లకు దీని విలువ నేను చెప్పాలా?

2018లో పేపరు ఉద్యోగం సగం రోజులకు కుదించుకుని తెలుగులో మొదలుపెట్టాను. స్టూడియో అంటే మా బట్టల బీరువా. తలుపులు తీసి, చీరల మధ్య మైకు పెట్టి, నెత్తిన దుప్పటి కప్పుకుని మాట్లాడేవాణ్ణి. చీరలు గొంతు మార్మోగకుండా ఆపుతాయి. కలకత్తా వేసవిలో దుప్పటి కింద అరగంట! మా ఆవిడ తలుపు సందులోంచి చూసి నవ్వేది. మొదటి భాగం విన్నవాళ్ళు ముప్పైఏడుగురు. అందులో పదిమంది మా చుట్టాలు. డబ్బు సంగతి అడక్కండి. ఈ పనిలో ఈనాటికీ మైకు ఖర్చు మైకే సంపాదించుకోవాలి. ఇందులోకి రావాలనుకునే పిల్లలు ఇంకో జీతం రాయి పక్కన పెట్టుకునే రండి.

మొదటి శ్రోత మా అమ్మ. ఆవిడకి వినిపించి, "ఏం అర్థమైంది? నువ్వు చెప్పు" అని అడిగేవాణ్ణి. అమ్మ తిరిగి చెప్పింది నేను చెప్పినట్టు లేకపోతే మళ్ళీ రికార్డు చేసేవాణ్ణి. ఒకసారి 'ప్రతిరక్షకాలు' అన్నాను. అమ్మ 'ప్రతి రాక్షసుడూ' అని వింది. తప్పు అమ్మది కాదు. అప్పట్నుంచి 'రోగాన్ని పట్టుకునే యాంటీబాడీలు' అంటున్నాను. తెలుగు మాట నలిగినచోట తెలుగు మాట, ఇంగ్లీషు మాట నలిగినచోట ఇంగ్లీషు మాట. షుగరుని షుగరనే అంటాను. పండితులు కోప్పడితే పడతాను.

మెల్లగా వినేవాళ్ళు పెరిగారు. ఒకప్పుడు గంజాం, విశాఖ జిల్లాల నుంచి జూట్ మిల్లులకు వచ్చి టిటాగఢ్ వైపు స్థిరపడ్డవాళ్ళ మనవలు విన్నారు. ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువాళ్ళు విన్నారు. 2020 డిసెంబరులో మన భాషకు ఈ రాష్ట్రంలో అధికార భాషగా గుర్తింపు ఇవ్వాలని బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ నుంచి ఎన్ని ఫోన్లు వచ్చాయో! ఆ ఏడే కోవిడ్. ఊళ్ళో అమ్మా నాన్నా, సరిహద్దులో కొడుకు. ఇద్దరికీ ఒకే మాట వినిపించే అవకాశం నాకు దొరికింది. ఆ ఏడాది ప్రతి భాగం ముందు, "ఇవాళ తెలిసింది ఇది, రేపు మారవచ్చు" అని చెప్పేవాణ్ణి. మారినప్పుడు, "పోయినవారం నేను చెప్పింది ఇలా మారింది" అని మొదట్లోనే చదివేవాణ్ణి. చివర్లో గొణిగితే ఎవరు వింటారు? ఏడో పేరా గుర్తుంది గదా.

సుబేదారు మావయ్య కూడా వినేవారు. చెవుడు వచ్చింది, గట్టిగా పెట్టుకుని వినేవారట. 2019లో ఓ.ఆర్.ఎస్. కథ చెప్పాలనుకున్నప్పుడు ఆయన దగ్గరికి వెళ్ళాను. 1971లో ఆయన జవానుగా ఆ జెస్సోర్ రోడ్డు మీదే ఉన్నారు. మైకు ముందు కూర్చోబెట్టాను. "మేం అటు పోతున్నాం, వాళ్ళు ఇటు వస్తున్నారు. చంకల్లో పిల్లలు. ఆ ఉప్పూ గ్లూకోజూ సంగతి మాకేం తెలీదు అల్లుడూ. కలరా వాసన మాత్రం తెలుసు" అన్నారు. రికార్డింగు అయ్యాక నా ఫోను తీసుకుని, "ఇప్పుడు నువ్వు చెప్పబోయేది నాకు చదివి వినిపించు" అన్నారు. చదివాను. ఒకచోట ఆపారు. "మళ్ళీ చెప్పు." మళ్ళీ చదివాను. "ఇది శిబిరంలో మనుషులకి ఇచ్చి చూశారు గదా? ఎలుకలకి కాదుగదా?" అన్నారు. అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. 2021లో ఆయన పోయారు. ఆ గొంతు మాత్రం ఆయన పిల్లల ఫోనుల్లో ఉంది.

చివరగా మన కుటుంబాలకు సంబంధించిన ఒక్క మాట. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో మన ఇళ్ళల్లో ఎవరూ నిద్రపోలేదు. ఫోనుల్లోకి వీడియోలు వచ్చిపడ్డాయి. వాటిలో కొన్ని వీడియో గేముల్లోంచి తీసినవని తర్వాత తేలింది. ఇప్పుడు మనిషి గొంతుని కూడా కంప్యూటరు అచ్చం అలాగే పలికిస్తోంది. రేపు నా గొంతుతోనే మీకు ఏదో మందు అమ్మవచ్చు. నమ్మకండి. ఏ వార్త వచ్చినా మూడు ప్రశ్నలు వేయండి. చెప్పిందెవరు? వాళ్ళకెలా తెలిసింది? ఎవరి మీద, ఎంతమంది మీద చూశారు? జవాబు రాకపోతే ఇంకొకరికి పంపకండి. అలాగే మీ అబ్బాయి ఏ పోస్టులో ఉన్నాడో, ఏ రైలెక్కాడో నాలాంటి విలేఖరికి కూడా చెప్పకండి. నేనడిగినా సరే.

పిల్లల్లో ఎవరికైనా ఈ వృత్తి మీద ఇష్టముంటే నా దగ్గరకు రండి. ఫిజిక్సో, బయాలజీయో, ఏదో ఒకటి గట్టిగా చదువుకోండి. మీ అమ్మతో మాట్లాడే భాష పోగొట్టుకోకండి. మైకు నేనిస్తాను. బీరువా మాత్రం మీదే తెచ్చుకోవాలి.

మా నాన్నగారికి ఇప్పుడు ఎనభై దాటాయి, ముందు వరుసలోనే కూర్చున్నారు. ఇంటికి వెళ్ళాక ఈ ప్రసంగంలో నేనేం చెప్పానో ఆయన నాకు తిరిగి చెబుతారు. తేడా వస్తే వచ్చే ఏడు మళ్ళీ వచ్చి సరిచేసుకుంటాను.



జై హింద్.